రవీంద్రభారతికి మొదటిసారి వెళ్లేవాళ్లకు

(కూకట్‌పల్లిలోని ఒక కాలనీ గ్రంథాలయంలో, చాలాకాలం నాటకాలకు లైటింగ్ చేసిన ఒక పెద్దాయన ఇచ్చిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వినిపిస్తోందా? వినిపిస్తోందా అమ్మా? సరే.

ఒక మాట అడుగుతాను, మొహమాటపడకుండా చెప్పండి. రవీంద్రభారతి ముందు నుంచి ఒక్కసారైనా బస్సులోనో బండి మీదో వెళ్లనివాళ్లు ఎవరైనా ఉన్నారా? లేరు కదా. మరి లోపలికి వెళ్లి ఒక నాటకం మొదటినుంచి చివరిదాకా చూసినవాళ్లు? చేతులెత్తండి. ఆ మూల పెద్దాయన ఒకరు. ఈ అమ్మాయి. మీరు? మీ పాప డాన్సు ప్రోగ్రాముకా? మంచిదే, కానీ నేను అడిగింది నాటకం. అంటే ఇద్దరు. ఇంత హాల్లో ఇద్దరు.

తప్పుపట్టడానికి అడగలేదండీ. నేను బ్యాంకులో పనిచేస్తూ సాయంత్రాలు నాటకాలకి లైట్లు వేసేవాణ్ణి. నా కొలీగ్స్‌ని రమ్మంటే ఒకటే మాట అనేవారు, "మాకు పాసులు లేవు కదండీ" అని. లోపలికి పోవాలంటే ఎవరో పిలవాలి, కార్డు చూపించాలి, ముందు వరసలో మంత్రిగారు ఉంటారు, పోలీసులు ఉంటారు, మనల్ని ఎవరు రానిస్తారు, ఇదీ వాళ్ల లెక్క. నిజం ఏమిటంటే అక్కడ జరిగే తెలుగు నాటకాల్లో ఎక్కువ వాటికి టికెట్టే ఉండదు. కార్డు కింద ఏం రాస్తారు? "ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే." అందరూ అంటే అందరూనే. గేటు దగ్గర ఎవరూ మీ పేరు అడగరు. టికెట్టు పెట్టేవాళ్లు కొందరు ఉంటారు, అది కార్డు మీదే వేస్తారు.

ఇక్కణ్ణుంచి వెళ్లడం కూడా ఏమంత కష్టం? మెట్రో ఎక్కండి, ఎల్బీనగర్ వైపు వెళ్లేది. లక్డీకాపూల్‌లో దిగినా సరే, అసెంబ్లీ స్టేషన్‌లో దిగినా సరే, నాలుగడుగులు నడిస్తే వచ్చేస్తుంది. కారు తీసుకెళ్లి పార్కింగ్ కోసం తిరిగి తిరిగి, చిరాకుపడి, ఆ చిరాకుతో నాటకం చూడకండి.

అసలు ఆ పేరేమిటి? హైదరాబాదులో నాటకాల హాలుకి బెంగాలీ కవి పేరెందుకు? పిల్లలు అడుగుతారు, చెప్పాలి కదా. 1961 టాగోర్ శతజయంతి. ఆయన పుట్టింది 1861. ఆ సందర్భంగా దేశంలో చాలా నగరాల్లో ఆయన పేరిట రంగశాలలు కట్టారు. బెంగళూరులో రవీంద్ర కళాక్షేత్ర ఉంది, ముంబైలో రవీంద్ర నాట్యమందిర్ ఉంది, చండీగఢ్‌లో టాగోర్ థియేటర్ ఉంది. మన దగ్గర కట్టింది రవీంద్రభారతి. దాని నమూనా గీసిన ఆర్కిటెక్టు మన హైదరాబాదీ, మహమ్మద్ ఫయాజుద్దీన్. ప్రారంభించింది సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, అప్పటికి ఆయన ఉపరాష్ట్రపతి. ఇదంతా మీకు పరీక్షలో అడగరు. కానీ అది సభలు పెట్టుకోవడానికి కట్టింది కాదు, ప్రదర్శనల కోసం కట్టింది. ఈ ముక్క ఎందుకంటున్నానో ఇప్పుడు చెప్తాను.

మొదటిసారి వెళ్లేవాడికి వచ్చే మొదటి దెబ్బ ఇక్కడే. కార్డు మీద సాయంత్రం ఐదున్నర అని ఉంటుంది. మీరు పాపం ఐదుంపావుకే వెళ్లి కూర్చుంటారు. ఆరుంపావుకి జ్యోతి ప్రజ్వలన. తర్వాత ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలుస్తారు. శాలువా, పూలదండ, మెమెంటో, ఫోటో. ఫోటో సరిగా రాలేదంటే మళ్లీ శాలువా. ఒక వక్త "సమయాభావం వల్ల రెండే మాటలు" అంటాడు. ఆ రెండు మాటలు ఎంతసేపు ఉంటాయో మీకు తెలుసు. నవ్వకండి, పైన లైట్ల బోర్డు దగ్గర కూర్చుని నేను ఇవన్నీ భరించాను. తెర వెనక అర్జునుడు కిరీటం పెట్టుకుని చెమటలు కక్కుతూ నిలబడి ఉంటాడు. ఇటు ఈయన శాలువాలు కప్పుతూ ఉంటాడు. నాటకం మొదలయ్యేసరికి జనానికి ఆకలేస్తుంది, లేచిపోతారు. దాంతో "నాటకాలకి జనం రావట్లేదండీ" అని మళ్లీ ఒక సభ!

కాబట్టి కార్డు మీద ఫోన్ నంబర్ ఉంటుంది, చెయ్యండి. "సభ ఎన్నింటికి" అని కాదు, "తెర ఎన్నింటికి లేస్తుంది" అని అడగండి. దానికి పావుగంట ముందు వెళ్లండి చాలు.

సరే, లోపలికి వెళ్లారు. ఎక్కడ కూర్చోవాలి? ముందు వరస సోఫాలు మీకు కాదు, నాకూ కాదు. అయినా అక్కడ కూర్చోవాలని ఆశపడకండి. స్టేజీ ఎత్తుగా ఉంటుంది, మెడ పైకెత్తాలి, నటుడి మొహం కంటే పాదాలు ఎక్కువ కనిపిస్తాయి. మధ్యలో, వీలైతే మధ్య దారికి దగ్గరగా కూర్చోండి. అక్కణ్ణుంచి స్టేజీకి అటూ ఇటూ ఉండే రెండు వింగులూ, పైన కట్టిన తెరా, మొత్తం బొమ్మ కళ్లకి అందుతుంది.

ఇప్పుడు ఫోన్ సంగతి. "దయచేసి మీ సెల్‌ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోగలరు" అని మైకులో చెప్తారు, మీరు పెడతారు. మోత ఒక్కటే కాదండీ గొడవ, దాని వెలుగు. స్టేజీ మీద నిలబడ్డవాడికి మొహం మీద లైట్లు పడుతుంటాయి, వాడికి మీరెవరూ కనిపించరు, అంతా నల్లగా ఉంటుంది. ఆ నలుపులో ఎవరైనా వాట్సాప్ తెరిచారనుకోండి, నీలంగా ఆ ఒక్క మొహమే వెలుగుతుంది. పద్యం పాడేవాడు ఆ మొహం చూస్తూ పాడాలి. ఇంకొకటి, సీను మారేటప్పుడు బ్లాకౌట్ చేస్తాం, అంటే లైట్లన్నీ ఆర్పేస్తాం. చీకటికి కన్ను అలవాటు పడటానికి కొంచెం టైమ్ పడుతుంది. అలవాటుపడ్డ కన్నుకి మేం వేసే చిన్న వెలుగు కూడా పెద్దగా తోస్తుంది. నాలాంటివాడు బతికేది ఆ కొంచెం మీదే. పక్కవాడు ఫోన్ తెరిస్తే మీ కన్ను మళ్లీ మొదటికొస్తుంది. ఇది మర్యాద గురించి చెప్పడం కాదు, కంటి సంగతి చెప్తున్నా.

లైట్ల మాట వచ్చింది కనక ఇది చెప్పి తీరాలి. సెక్రటరీ గారూ, టైమ్ ఉందా? ఉందంటున్నారు.

ఇప్పుడంటే కంప్యూటర్ బోర్డు, చిన్న మీట నొక్కితే సూర్యోదయం. మా రోజుల్లో చిన్న నాటక సమాజాల దగ్గర, వెలుగు పెంచీ తగ్గించే డిమ్మర్ కొనడానికి డబ్బెక్కడిది? ఉప్పునీళ్ల డిమ్మర్ చేసుకునేవాళ్లం. పింగాణీ జాడీ, ఊరగాయ పెట్టుకునేదే, దాని నిండా నీళ్లు పోసి ఉప్పు కలిపేవాళ్లం. అడుగున ఒక లోహపు పళ్లెం, దానికో వైరు. పైనుంచి తాడుకి ఇంకో పళ్లెం, దానికో వైరు. కరెంటు ఆ ఉప్పునీళ్లలోంచే లైటుకి పోవాలి. పై పళ్లెం మెల్లగా కిందికి దింపుతూ ఉంటే, రెండూ దగ్గరవుతున్న కొద్దీ స్టేజీ మీద తెల్లవారుతుంది. పైకి లాగితే పొద్దుగూకుతుంది. సీను పొడుగైతే నీళ్లు వేడెక్కి సలసలా కాగేవి. చెయ్యి జారితే మనిషే పోతాడు. పిల్లలూ, మీరు ఇంట్లో చెయ్యకండి, మీ అమ్మ నన్ను తిడుతుంది! హాల్లో ఉన్నవాళ్లకి మాత్రం ఇవేవీ తెలియవు. వాళ్లకి కనిపించేది తెల్లవారడం ఒక్కటే.

ఇంతకీ మొదటిసారి ఏం చూడాలి? నన్నడిగితే సురభి వాళ్ల నాటకం చూడండి. ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు. పిల్లలుంటే ఇక ఆలోచించే పనే లేదు.

సురభి అంటే ఒక ఊరి పేరు, కడప జిల్లాలో. 1885లో వనారస వారి కుటుంబం అక్కడ ఒక పెళ్లిలో కీచకవధ నాటకం ఆడింది. అంతకుముందు వాళ్లది తోలుబొమ్మలాట. బొమ్మల్ని ఆడించేవాళ్లు వాళ్లే బొమ్మల్లా స్టేజీ ఎక్కారు. ఇందులో విశేషం ఏమిటంటే, వాళ్ల నాటకాల్లో ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. అప్పుడు మిగతా సమాజాల్లో ఆడవేషం మగవాడే కట్టేవాడు. ఆ పద్ధతి చాలాకాలం సాగింది కూడా. స్థానం నరసింహారావు గారు సత్యభామ కట్టి పద్మశ్రీ తీసుకున్నారు. అది వేరే ఘనత. సురభి వాళ్లది కుటుంబం కుటుంబమే నాటకం. తాత హార్మోనియం దగ్గర, తండ్రి వేషంలో, తల్లి వేషంలో, కొడుకు తెర లాగుతూ, మనవడు బాలకృష్ణుడు. ఊరూరా డేరా వేసుకుని నెలల తరబడి ఉండేవారు. రోజుకో నాటకం. కుర్చీకో రేటు, బెంచీకో రేటు, నేలకో రేటు. ఇప్పుడు చాలా కుటుంబాలు మన ఊళ్లోనే ఉన్నాయి, లింగంపల్లి దగ్గర సురభి కాలనీ. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి అని వాళ్లది 1937 నాటి సమాజం, దాన్ని నడిపిన నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ అనేవారు, 2013లో పద్మశ్రీ వచ్చింది.

వాళ్ల మాయాబజార్ చూడండి. పబ్లిక్ గార్డెన్స్‌లో లలితకళా తోరణంలో ఆడిన రోజుల్లో నేను పనీపాటా లేకపోయినా వెళ్లి కూర్చునేవాణ్ణి. ఎదురుగా అడవి. బట్ట మీద రంగులేసిన అడవి, దాచిందేమీ లేదు, గాలొస్తే చెట్లన్నీ కలిసి ఊగుతాయి. గిలక కిర్రుమంటుంది, అడవి చుట్టుకుని పైకి పోతుంది, వెనక రాజభవనం సిద్ధంగా ఉంటుంది. మబ్బుల్లోంచి నారదుడు దిగుతాడు. రెండు బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుంటాయి, నిప్పులు రాలతాయి. ఘటోత్కచుడు నోరు తెరుస్తాడు, పళ్లెంలోని లడ్డూ ఎగిరి నోట్లో పడుతుంది. ఇంకోటి. ఇంకోటి. హాలు హాలంతా "ఓ" అని అరుస్తుంది.

దారం కనపడదా? కొందరికి కనపడుతుంది. అందుకే మరీ ముందు కూర్చోవద్దన్నాను. అయితే పిల్లలు మాత్రం ముందే కూర్చుంటామంటారు, దారం పట్టుకోవాలని వాళ్ల పంతం. కూర్చోనివ్వండి. వాడు దారం వెతుకుతూ వెతుకుతూ బాణాలు కొట్టుకునేసరికి దారం సంగతి మర్చిపోతాడు. సినిమాలో ఇంతకంటే పెద్ద రాక్షసుణ్ణి చూశాడు కదా, దీనికెందుకు అరుస్తాడు? ఇది ఇప్పుడు, వాడి ముందు, తప్పిపోయే అవకాశం ఉండి కూడా తప్పకుండా జరిగింది కాబట్టి. లడ్డూ నోటికి తగలక ముక్కుకి తగలొచ్చు. తగలదు. అందుకే ఆ అరుపు.

రెండోది పద్యనాటకం. ఇది కొంచెం తయారై వెళ్లాల్సిన సరుకు. పాండవోద్యోగం అనుకోండి. తెర లేచింది, కృష్ణుడు మంచం మీద ఉన్నాడు, దుర్యోధనుడు వచ్చాడు, అర్జునుడు వచ్చాడు. దీన్ని పడక సీను అంటారు. బాగుంది. తర్వాత రాయబారం సీను. కృష్ణుడు వచ్చాడు. కానీ ఆ కృష్ణుడు వేరు, ఈ కృష్ణుడు వేరు! అంతకుముందు సన్నగా ఉన్నాడు, ఇప్పుడు బొద్దుగా ఉన్నాడు, గొంతు కూడా వేరు. కొత్తగా వచ్చినవాడు కంగారుపడి పక్కవాణ్ణి అడుగుతాడు, "ఇతనెవరండీ, బలరాముడా?" అని. కాదు నాయనా, రెండో కృష్ణుడు. పడక సీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన. ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులుండటం కూడా మామూలే. ఎవరికి ఏ సీన్లో పేరుందో ఆ సీనుకి వాళ్లని పిలుస్తారు. ఊళ్లో కాంట్రాక్టరు కార్డు వేసేటప్పుడు అలాగే వేస్తాడు, ఒకటో కృష్ణుడు ఫలానా, రెండో కృష్ణుడు ఫలానా అని.

అంటే అర్థమైందా? కథ కోసం ఎవరూ రారు అక్కడికి. కథ అందరికీ తెలుసు. యుద్ధం జరుగుతుందా ఆగుతుందా అని టెన్షన్ ఎవరికీ లేదు. ఈ పద్యాన్ని ఈయన ఎలా ఎత్తుకుంటాడు, చివర రాగం ఎక్కడిదాకా తీసుకెళ్తాడు, ఊపిరి ఎక్కడ దాచుకుంటాడు, అది చూడటానికి వస్తారు. హార్మోనియం ఆయన మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. నటుడి పెదవులు చూస్తూ వాయిస్తాడు, నటుడు ఎక్కడ ఆగితే అక్కడ అందుకుంటాడు. బాగా పాడితే జనం "వన్స్ మోర్" అంటారు. అన్నారంటే ఆ కృష్ణుడు రాయబారం ఆపి, అదే పద్యం మళ్లీ మొదటినుంచి పాడాలి. కౌరవసభ అంతా ఓపిగ్గా కూర్చుంటుంది. ఇది లోపం అని రాసినవాళ్లున్నారు, కథ తెగిపోతుందని. నేను ఒప్పుకోను. డబ్బులిచ్చినా ఇవ్వకపోయినా, ఇంకోసారి పాడు అనే హక్కు ప్రేక్షకుడికి ఇచ్చిన నాటకం అది. మీరూ అనండి. నచ్చకపోతే అనకండి.

పద్యం మాటమాటకీ అర్థం కాకపోతే దిగులు పడొద్దు. పక్కన తెల్లజుట్టు ఆయన ఎవరో పెదవులు కదుపుతూ ఉంటాడు, ఆయనకి మొత్తం కంఠతా వచ్చు. విరామంలో అడగండి. చెప్పడానికే పుట్టినట్టు చెప్తాడు.

మూడోది పరిషత్తు నాటికలు, అంటే నాటక పరిషత్తులు పెట్టే పోటీల్లో ఆడే చిన్న నాటకాలు. గంటలోపు అయిపోతాయి, ఒకదాని వెనక ఒకటి. హాల్లో న్యాయనిర్ణేతలు చిన్న లైటు పెట్టుకుని రాసుకుంటుంటారు. గొప్ప నటులున్నారు వీటిలో. పగలు ఆఫీసులో ఫైళ్లు చూసి రాత్రికి ఏడిపించి పంపేవాళ్లు. ఒక్కటే చెప్తాను, ఈమధ్య రెండు నాటికలకి ఒకదాంట్లో వృద్ధాశ్రమం. కొడుకు అమెరికా, తండ్రి ఆశ్రమం, చివర ఫోన్ మోగుతుంది. నాకు ఆ సీనుకి నీలం లైటు వేసి వేసి విసుగొచ్చింది. మొదటిసారి వెళ్లేవాళ్లు దీంతో మొదలుపెట్టకండి. మూడోసారి వెళ్లండి.

తెలుగొక్కటే కాదు, ఇది హైదరాబాదు. బబ్బన్ ఖాన్ అని మన ఊరాయన 1965లో "అదరక్ కే పంజే" అని దక్కనీ ఉర్దూలో నాటకం ఆడటం మొదలుపెట్టాడు. పేద గుమస్తా, ఇంటినిండా పిల్లలు, అప్పులవాళ్లు. ఆడుతూ ఆడుతూ గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాడు. ఇవాళ ఇంగ్లిషు, హిందీ నాటకాలు చూడాలంటే బంజారాహిల్స్‌లో లమకాన్ ఉంది, 2010 నుంచి నడుస్తోంది, చెట్టు కింద టీ తాగుతూ ఎదురుచూడొచ్చు. కుర్రాళ్లు అక్కడ ఎక్కువ. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ ఉంది, సంగీతంతో పాటు నాటకాలూ జరుగుతాయి. దగ్గరున్న చోటికి వెళ్లండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. "కళ చచ్చిపోతోంది, మనం వెళ్లి బతికించాలి" అని ఎవరైనా మీతో అంటే, ఆ మాట విని మాత్రం వెళ్లకండి. దయతో వచ్చిన ప్రేక్షకుణ్ణి నేను పైనుంచి ఇట్టే గుర్తుపడతాను. లైటుమాన్ సీటు ఎక్కడో తెలుసు కదా, అందరి వెనక. నేను నాటకం కంటే మీ తలకాయలే ఎక్కువ చూశాను. దయతో వచ్చినవాడు ఒద్దికగా కూర్చుంటాడు, అన్ని సీన్లకీ ఒకేలా చప్పట్లు కొడతాడు, బాగున్నదానికీ బాగాలేనిదానికీ తేడా లేదు. "పాపం, కష్టపడ్డారు" అంటూ వెళ్తాడు. మళ్లీ రాడు. ఇంకెందుకు వస్తాడు? పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసొచ్చినట్టు, బాకీ తీరిపోయింది.

ఆనందం కోసం వచ్చినవాడు వేరు. వాడు బోరు కొడితే దగ్గుతాడు. నిజం, నాటకం పట్టు తప్పిందంటే ముందు దగ్గులు మొదలవుతాయి. ఒకరు దగ్గితే నలుగురు. తలలు పక్కలకి వాలతాయి. పట్టు దొరికిందంటే దగ్గులు ఆగిపోతాయి, తలలు కదలవు. ఇది నాకొక్కడికే కాదు, స్టేజీ మీద వాడికీ తెలుస్తుంది. మీరు నవ్వితే ఆ నవ్వు అయ్యేదాకా తర్వాతి మాట ఆపుకుంటాడు. మీరు నవ్వకపోతే తర్వాతి మాట తొందరగా అనేస్తాడు. నిన్న రాత్రి ఆడిన నాటకం, ఇవాళ ఆడేది, మాటలు అవే, నాటకం ఒకటి కాదు. ఎందుకంటే నిన్న కూర్చున్నది వేరేవాళ్లు. కాబట్టి గట్టిగా నవ్వండి. నచ్చకపోతే విరామంలో లేచి వచ్చేయండి, నేనేమీ అనుకోను, బాగా ఆడేవాళ్ల దగ్గరికి ఇంకోరోజు వెళ్లండి. అయిపోయాక లోపలికి వెళ్లి నటుడితో మాట్లాడండి. గ్రీన్‌రూమ్‌కి ఎవరూ అడ్డుపెట్టరు. మొహాన రంగు తుడుచుకుంటూనే మాట్లాడతారు. "బాగా చేశారు" అని ఊరుకోకండి, ఏ చోట బాగుందో చెప్పండి, ఏ చోట తేలిపోయిందో కూడా చెప్పండి. వాళ్లకి కావలసింది అదే.

ప్రశ్నలా? అడగండమ్మా.

మూడేళ్ల బాబు ఉన్నాడు, తీసుకెళ్లొచ్చా అంటున్నారు. సురభికైతే తప్పకుండా. ఘటోత్కచుడు రాగానే భయపడి ఏడుస్తాడు, ఏడవనివ్వండి. దారి పక్క సీట్లో కూర్చోండి, ఎత్తుకుని బయటికి తీసుకెళ్లి, ఊరుకున్నాక మళ్లీ తీసుకురండి. ఎవరూ కసురుకోరు. ఆ వేషాలు వేసేవాళ్లే చంటిపిల్లల్ని తెర వెనక పడుకోబెట్టుకుని, వాళ్ల సీను రాగానే లేచి వస్తారు. పద్యనాటకానికి మాత్రం బాబుని అమ్మమ్మ దగ్గర వదిలిరండి, అది తొందరగా అవ్వదు.

మీరు బాబూ? ఏ రోజు ఏముందో ఎలా తెలుస్తుంది అంటున్నాడు. పేపర్లో జిల్లా పేజీలో "నగరంలో నేడు" అని చిన్న అక్షరాల్లో వేస్తారు చూడు, అందులో. లేదా ఆ దారిన వెళ్లినప్పుడు గేటు పక్కన కట్టిన బ్యానర్లు చదువుకో. చదివి, దాంట్లో సన్మానం అని ఎన్నిసార్లు ఉందో, నాటకం అని ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి, నాటకం ఎక్కువున్న రోజు వెళ్లు.